పల్చటి రవ్వ జావ

దామ్యాన్ పుట్టి రెండు నెలలు నిండకుండానే ఆ ఇంట్లో నిద్ర అనేది ఎవరో అదృష్టవంతులకు దొరికే వస్తువైపోయింది.

పాలు తాగడంలో వాడికి ఏ పేచీ లేదు. ఆత్రంగా, చప్పరిస్తూ, కళ్లు మూసుకుని తాగేవాడు. కాసేపటికి మొదలయ్యేది. వెన్ను విల్లులా వెనక్కి వంచేవాడు. కాళ్లు పొట్టలోకి ముడుచుకునేవాడు. మొహం బీట్‌రూట్ ముక్కలా అయిపోయేది. ఇంతలో గొంతులో గుడగుడమని, తాగిందంతా తల్లి భుజం మీదికి వచ్చేసేది. పగలైతే ఎవరో ఒకరు ఎత్తుకుని తిప్పేవాళ్లు. రాత్రిళ్లు వెల్లకిలా పడుకోబెట్టగానే పుల్లబడ్డ పాలు పైకి ఎగదన్ని గొంతు మండేది. నిద్రలోంచే కెవ్వుమనేవాడు.

తండ్రి ఇవైలో మొదట్లో దాన్ని నవ్వులాటగా తీసుకున్నాడు.

"ఒరేయ్, గాబ్రోవోలో పుట్టి, తాగింది తాగినట్టు పారబోస్తావేంట్రా? పిసినారులంటే దేశమంతా మన ఊరి పేరే చెప్తారు. పరువు తీస్తున్నావు కదరా!" అనేవాడు కొడుకు గడ్డం తుడుస్తూ.

భార్య రలిత్స నవ్వేది. కొన్నాళ్లకి ఆమె నవ్వడం మానేసింది. అతను ఆ మాట అనడం మానేశాడు.

ఆ ఫ్లాటు ఇవైలో తల్లి నెదెల్కది. ఊళ్లోని నేత మిల్లులో పనిచేసినంతకాలం చేసి, మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టున ఉంటోంది. కొడుక్కి పెళ్లవగానే పడకగది వాళ్లకిచ్చేసి తను వంటగదిలోని దీవాను మీదికి మారింది. రలిత్సది సముద్రపు ఒడ్డున ఉన్న బుర్గాస్. ఆమె తల్లి గ్రీసులో ఎవరో ముసలాయన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగంలో ఉంది. ఫోనులో మనవణ్ణి చూసి ఏడ్చేదే తప్ప వచ్చే వీలు లేదు. అందుకని బాలింతకి అన్నిటికీ అత్తగారే దిక్కయింది.

నెదెల్క చెడ్డ అత్త కాదు. కోడలికి పాలు పడాలని బజారు నుంచి బోజా సీసాలు మోసుకొచ్చేది, హల్వా తెచ్చేది. ధాన్యం పులియబెట్టి చేసే ఆ చిక్కటి పానీయం వాసన రలిత్సకి పడేది కాదు. అయినా ముక్కు మూసుకుని తాగేది.

"నీ పాలు నీళ్లలా ఉన్నాయి తల్లీ, చూడు, అవతలి పక్క కనిపిస్తోంది," అంది నెదెల్క ఒకరోజు. "వాడికి కడుపు నిండటం లేదు. అందుకే ఆ గోల."

"డాక్టరు బరువు చూసింది కదా అత్తయ్యా. బాగానే పెరుగుతున్నాడట. అన్నవాహిక మూత ఇంకా గట్టిపడలేదు, అందుకే కక్కుతున్నాడు, కూర్చునే వయసొస్తే తగ్గిపోతుంది అంది. చనుబాలు తప్ప ఇంకేమీ వద్దంది. నీళ్లు కూడా."

"ఆ డాక్టరమ్మకి పిల్లలెందరు?"

"ఒక్కడే అనుకుంటా."

"నాకు ఇద్దరు," అంది నెదెల్క. అంతటితో చర్చ ముగిసింది.

ఇవైలో ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి వెళ్లిన వారంలో రలిత్స బాగా డీలా పడిపోయింది. ఒక రాత్రి పిల్లాణ్ణి ఎత్తుకుని వంటగది గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, కాసేపు తీసుకోండి, నిలబడే నిద్రపోతున్నాను, ఎక్కడ పడేస్తానో అని భయంగా ఉంది," అంది. నెదెల్క తీసుకుంది. కోడలు గోడ పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది.

పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. నెదెల్క అటూ ఇటూ నడిచింది. ఊపింది. భుజం మార్చింది. పై అంతస్తులో ఎవరో హీటరు గొట్టం మీద చెంచాతో టంగుటంగుమని కొట్టారు. ఆమెకి సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఫ్రిజ్ తెరిచి ఆవుపాలు తీసింది. సగానికి సగం నీళ్లు కలిపి, చెంచాడు బొంబాయి రవ్వ వేసి, చక్కెర వేసి పల్చగా జావ కాచింది. రలిత్స స్నేహితురాలెవరో కానుకగా ఇచ్చిన పాలసీసా అలమారలో వాడకుండా పడి ఉంటే దాన్ని కడిగి అందులో పోసింది. పిల్లాడు దాన్ని పట్టుకున్న తీరు చూస్తే ఎన్నాళ్ల ఆకలో అనిపించింది. సీసా ఖాళీ కాకముందే కళ్లు వాలిపోయాయి. నెదెల్క వాణ్ణి తీసుకెళ్లి ఉయ్యాల తొట్టిలో పడుకోబెట్టింది.

తెల్లవారాక రలిత్స పరిగెత్తుకుంటూ వంటగదిలోకి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అత్తయ్యా! ఏం మంత్రం వేశారు? వీడసలు లేవనే లేదు!"

"మంత్రమేముంది? చేతి గుణం," అంది నెదెల్క. "ఇద్దరిని పెంచిన చేతులు మరి."

రలిత్స ఆమెని కావలించుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ ఇంటికొచ్చాక ఆ పిల్ల అత్తగారికి తనంతట తాను ముద్దు పెట్టడం అదే మొదలు. చెప్పాలనుకుంటే నెదెల్క అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెంప మీద ఆ తడి ఆరకుండా చెప్పాలనిపించలేదు.

ఆ తర్వాత అది అలవాటయింది. రలిత్స రాత్రి పాలిచ్చి పిల్లాణ్ణి అత్తగారికి అప్పగించేది. తలుపు మూసుకున్నాక నెదెల్క జావ కాచేది. వాడు మొదటి కొన్ని రాత్రులు బాగానే పడుకున్నాడు. తర్వాత పగటిపూట కక్కడం ఎక్కువైంది. బుగ్గల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. పొట్ట డోలులా బిగిసేది. ఇంకా ఆకలే అనుకుంది నెదెల్క. రవ్వ కాస్త పెంచింది. చిక్కబడ్డ జావ సీసా మూతిలోంచి రావడం లేదని సూదిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి రబ్బరు రంధ్రాన్ని పెద్దది చేసింది.

డిసెంబరు మొదట్లో సెయింట్ నికోలా పండగొచ్చింది. ఇంట్లో చేప వండారు, ఇవైలో ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. ఆ రాత్రి కూడా నెదెల్క వాడికి సీసా పట్టింది, వాడి తొట్టిలో పడుకోబెట్టింది, వచ్చి దీవాను మీద నడుం వాల్చింది.

రలిత్స కేకతో ఆమెకి మెలకువ వచ్చింది. వెళ్లి చూసేసరికి గదిలో దీపం వెలుగుతోంది. పిల్లాడి పెదవులు నీలంగా ఉన్నాయి. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. రలిత్స వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద చరుస్తోంది. పాలిచ్చే తల్లులకి ఆస్పత్రిలో నేర్పిందే అది. ఇవైలో ఫోనులో అంబులెన్సు వాళ్లకి అడ్రసు చెబుతూ తన ఇంటి నంబరు తానే మర్చిపోయాడు. ఒక తెల్లటి ముద్ద నేల మీద పడింది. పిల్లాడు గీరుమని గాలి పీల్చాడు. ఆ వెంటనే ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే రలిత్స వాణ్ణి తిప్పి గుండెకి అదుముకుంది.

"నీళ్లు తెస్తాను," అంది నెదెల్క.

ముందు నేల మీది ముద్దని గౌను అంచుతో తుడిచేసింది. వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. అప్పుడు ఆమె చేతులు నీళ్ల గ్లాసు వైపు పోలేదు. సీసా వైపు పోయాయి. రబ్బరు ఊడదీసి, సబ్బు పెట్టి, లోపల వేలు తిప్పి తిప్పి కడిగాయి. పక్క గదిలో మనవడు ఇంకా ఎక్కిళ్లు పెడుతున్నాడు. ఆమె తడి సీసాని వంటగది బాల్కనీలో, పులియబెట్టిన క్యాబేజీ డబ్బా వెనక పెట్టింది. ఆ తర్వాతే గ్లాసులో నీళ్లు పట్టుకెళ్లింది.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరు స్పాసోవా వాడి ఛాతీ విని, ఎక్స్‌రే తీయించి, ప్రమాదం తప్పిందంది. తర్వాత కుర్చీ లాక్కుని తల్లి ఎదురుగా కూర్చుంది.

"నీ పాలు కాక ఇంకేమైనా పట్టారా?"

"లేదండీ."

"ఏమీ లేదా? సోంపు నీళ్లు, చక్కెర నీళ్లు? ఇంట్లో పెద్దవాళ్లుంటారు కదా, అందుకని అడుగుతున్నా."

"ఏమీ లేదు. అత్తయ్యకి నేను ముందే చెప్పాను," అంది రలిత్స. నెదెల్క ఆమె పక్కనే కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. డాక్టరు ఒకసారి ఆమె వంక చూసింది. నెదెల్క తల అడ్డంగా ఊపింది. ఆ దేశంలో తల అడ్డంగా ఊపితే ఔనని అర్థం; పట్టానని చెప్పడమే అది. కానీ డాక్టరు అప్పటికే కాగితం వైపు తిరిగిపోయింది. నెదెల్క ఒళ్లోని కోటు మడత సర్దుకుంది.

"నేను మొన్న చిక్కుడు గింజల కూర తిన్నాను," అంది రలిత్స. "జున్ను కూడా తిన్నాను. దానివల్ల అయి ఉంటుందా?"

"కొందరు పిల్లలకి తల్లి తినే పాలూ జున్నూ కూడా పడవు. ఆ పొక్కులు చూస్తే నాకూ ఆ అనుమానమే వస్తోంది. కొన్నాళ్లు పాల పదార్థాలు మానేసి చూద్దాం. పాలు కొంచెం కొంచెంగా ఇవ్వు. తాగాక అరగంటైనా నిటారుగా ఎత్తుకో. తేన్పు వచ్చాకే తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టు."

ఇంటికొచ్చాక నెదెల్క మళ్లీ ఆ సీసా ముట్టలేదు. అన్నం తినేటప్పుడు కూడా బాల్కనీ తలుపు వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆ రాత్రి ఇక చెప్పేద్దాం అనుకుంది. ఉదయం చెబుదాం అనుకుంది. ఇవైలో డ్యూటీకి పోయాక చెబుదాం అనుకుంది. పిల్లాడికి పొక్కులు తగ్గుముఖం పట్టాయి కదా, ఇక చెప్పి మాత్రం ఏం లాభం, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అనుకుంది.

కాని అవతల రలిత్స తనని తాను శిక్షించుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు మానమన్నది పాలూ జున్నూ మాత్రమే. పొక్కులు తగ్గడం చూసి, తప్పంతా తన తిండిదేనని ఆ పిల్లకి రూఢి అయిపోయింది. గుడ్లు మానేసింది. టమాటాలు, మిరపకాయలు, క్యాబేజీ, గోధుమ రొట్టె మానేసింది. అన్నం, ఉడికించిన బంగాళాదుంప, ఉప్పు లేని కోడిమాంసం, ఆపిలు. అంతే. అయినా పిల్లాడు కక్కడం పూర్తిగా ఆగలేదు. కక్కినప్పుడల్లా, నిన్న ఏం తిన్నానా అని ఆమె వేళ్లు మడుస్తూ కూర్చునేది.

"క్యారెట్టేమో అత్తయ్యా. నిన్న సగం క్యారెట్టు తిన్నాను."

"క్యారెట్టుకి ఏమవుతుందమ్మా..."

"మీకు తెలీదు. ఆ రాత్రి వాడు నీలంగా అయిపోయాడు. నేనే కదా చేసింది. నా ఒంట్లోంచి వచ్చిందే కదా వాడి గొంతులో అడ్డుపడింది."

నెదెల్క లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, ఉడుకుతున్నది లేకపోయినా గరిటె తీసుకుంది.

క్రిస్మస్ ముందురాత్రి బల్ల మీద ఉపవాసపు వంటలన్నీ పెట్టారు. ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, చిక్కుడు గింజలు, ఎండుపళ్ల పులుసు, గుమ్మడి చుట్లు. ఇవైలో రొట్టె విరిచాడు. రలిత్స ఉడికించిన బంగాళాదుంపకి తొక్క తీసుకుని, చిన్న చిన్న ముక్కలుగా చేసుకుని తింటోంది. మెడ ఎముకలు పైకి తేలాయి. నెదెల్క తన పళ్లెంలో ఏమి వేసుకుందో, ఏమి తిన్నదో ఆమెకే తెలియదు.

రాత్రిళ్లు మాత్రం తనే ఎత్తుకుంటానని పట్టుబట్టింది. రలిత్స పాలిచ్చి ఇవ్వగానే వాణ్ణి నిటారుగా ఛాతీకి ఆనించుకునేది. వాడి తల తన గడ్డం కింద, అరచెయ్యి వాడి వీపు మీద. డాక్టరు చెప్పిన దానికి ఇంకొంచెం చేర్చి ఎత్తుకునేది. చేతులు తిమ్మిరెక్కేవి. ఆమెకి జోలపాటలు రావు. అందుకని వాడి వీపు తడుతూ మిల్లులో తన వరసలో మగ్గాల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల పేర్లు గుసగుసగా చెప్పేది. "ఈ చివర స్తోయ్న. దాని పక్కన మిత్రా. తర్వాత పొట్టి రూస్కా, ఎప్పుడూ దారం తెంపేది..." పేర్లయిపోతే మళ్లీ మొదలుపెట్టేది. తేన్పుతో పాటు పాలు ఆమె మెడ మీదుగా జాకెట్టులోకి జారేవి. తుడుచుకునేది కాదు. అలా తడిగా, పుల్లటి వాసనతో కూర్చుని ఉంటే కాస్త న్యాయంగా ఉన్నట్టుండేది.

కొత్త సంవత్సరం వచ్చిన కొద్దిరోజులకి ఒక మధ్యాహ్నం ఆమె రొట్టె కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి వంటిల్లంతా సేజ్ ఆకు వాసన. పొయ్యి మీద గిన్నెలో ఆకు మరుగుతోంది. రలిత్స ఒక వెడల్పాటి గుడ్డని రొమ్ముల మీదుగా బిగించి కట్టుకుంటూ, ముడి అందక వెనక్కి చేతులు తిప్పుతోంది.

"అత్తయ్యా, కాస్త ఈ ముడి వెయ్యండి."

"ఏంటమ్మా ఇది?"

"పాలు ఆపేస్తున్నాను. అమ్మ చెప్పింది, సేజ్ ఆకు కషాయం తాగి, గట్టిగా కట్టుకుంటే వారంలో ఎండిపోతాయట. రేపటి నుంచి డబ్బా పాలు ఏవైనా రాసిమ్మని డాక్టర్ని అడుగుతాను." గొంతు మామూలుగానే ఉంది. కన్నీళ్లు మాత్రం వాటి దారిన అవి కారుతున్నాయి. "నా పాలు వాడికి విషం అత్తయ్యా. మీరు మొదట్లోనే చెప్పారు. నేను వినలేదు."

నెదెల్క రొట్టె బల్ల మీద పెట్టింది. గిన్నె దించి ఆ కషాయమంతా సింకులో ఒంపేసింది. చెయ్యి కాలింది.

"ఏం చేస్తున్నారు?"

"నీ పాలది తప్పు కాదు," అంది నెదెల్క. "నేను పట్టాను. రవ్వ జావ. ఆవుపాలతో. రాత్రి నువ్వు పడుకున్నాక. ఆ రోజు కూడా పట్టాను."

రలిత్స అర్థం కానట్టు చూసింది. నెదెల్క బాల్కనీలోకి వెళ్లి, క్యాబేజీ డబ్బా వెనకనించి సీసా తెచ్చి ఆమె ముందు పెట్టింది. రలిత్స దాన్ని తీసుకుని, రబ్బరు మూతి వేలితో నొక్కి, ఆ పెద్ద రంధ్రాన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"అంబులెన్సు వచ్చినప్పుడు ఇది ఎక్కడుంది?"

"కడిగేశాను."

"అప్పుడే?"

"అప్పుడే."

గుడ్డ ఆమె ఒంటి మీంచి జారిపోతోంది. పట్టుకోలేదు.

"పట్టారు సరే," అంది చివరికి. "తెలీక పట్టారు. మా అమ్మయినా పట్టేదేమో. కానీ నేను సగం క్యారెట్టుకి ఏడుస్తుంటే... మీరు ఎదురుగానే కూర్చున్నారు కదా అత్తయ్యా. పండగ రోజు నేను దుంప తింటుంటే చూస్తూ కూర్చున్నారు కదా."

"ఔను," అంది నెదెల్క.

రలిత్స సీసా తీసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలినుంచి ఆమె డాక్టరుతో ఫోనులో మాట్లాడటం వినిపించింది. కాసేపటికి తలుపు తెరిచి, మొహం చూడకుండా, ఫోను అందించింది. "మీతో మాట్లాడాలట."

నెదెల్క రెండు చేతులా ఫోను పట్టుకుంది. ఎంత తిట్టినా పడాలనే నిలబడింది. డాక్టరు తిట్టలేదు. "ఎన్నాళ్లు పట్టారు? రవ్వ ఎంత వేశారు? తేనె గాని కలిపారా?" అని అడిగింది.

"తేనె లేదమ్మా. చక్కెరే."

"అదొక్కటి మంచిదైంది, ఈ వయసుకి తేనె ప్రమాదం. సరే, కోడలికివ్వండి."

అంతే. తిడితే ఎలా ఉండేదో గాని, ఇది అంతకన్నా బరువుగా ఉంది. డాక్టరు రలిత్సతో చెప్పింది తలుపు సందులోంచి ఆమెకి కొంత వినపడింది. కక్కడం ఆ వయసు పిల్లలకి ఉండేదే, అది ఇంకా కొన్నాళ్లుంటుంది. ఆ రాత్రి గొంతుకి అడ్డుపడింది మాత్రం ఆ జావే. పొక్కులూ దానివే అయి ఉంటాయి. జున్ను సంగతి తర్వాత మెల్లగా చూద్దాం. మిగతావన్నీ ఇవాళ్టి నుంచే తినమ్మా, ముందు నువ్వు తిను.

సాయంత్రం ఇవైలో వచ్చాడు. గదిలో భార్య చెప్పింది విన్నాడు. బూట్లు కూడా విప్పకుండా వంటగదిలోకి వచ్చాడు.

"నీకెందుకమ్మా? నీకేం తెలుసని? ఇద్దరిని పెంచాను, ఇద్దరిని పెంచాను అని ఊరంతా చాటుతావు. ఎప్పుడు పెంచావు? నన్ను శని ఆదివారాలు పెంచావు నువ్వు!"

అన్న వెంటనే అతని మొహం పాలిపోయింది. కాని మాట నిజం. ఆ రోజుల్లో మిల్లు పక్కన వారపు శిశుగృహం ఉండేది. సోమవారం పొద్దున పిల్లల్ని అప్పగిస్తే శనివారం మధ్యాహ్నం తెచ్చుకునేవాళ్లు. మూడు షిఫ్టుల్లో పనిచేసే ఆడవాళ్లందరూ అదే చేశారు, ఎవరూ తప్పనలేదు. నెదెల్క కూడా కొద్దివారాల ప్రసూతి సెలవు అయిపోగానే ఇద్దర్నీ అలాగే అప్పగించింది. ఆ సెలవులోనూ, శనివారం రాత్రుల్లోనూ తను మొద్దులా నిద్రపోతుంటే అత్తగారు చూసుకునేది. ఒక్క పిల్లాడితో ఒక్క రాత్రి కూడా ఆమె మేలుకుని కూర్చోలేదు. రవ్వ జావ సంగతి ఆమెకి తెలిసింది అక్కడి ఆయా నోటనే. "మీ వాడు బంగారం, సాయంత్రం జావ పట్టి పడుకోబెడితే తెల్లారేదాకా కదలడు," అని ఆమె చెబితే నెదెల్క పొంగిపోయింది. ఆయాకి ఓసారి చాక్లెట్ డబ్బా కూడా ఇచ్చింది.

ఆమె కొడుకుతో ఇదంతా చెప్పలేదు. "బూట్లు విప్పు నాన్నా, తడిగా ఉన్నాయి," అంది.

ఆ తర్వాత చాలా రోజులు ఎవరూ ఆమె చేతికి పిల్లాణ్ణి ఇవ్వలేదు. రలిత్స తింటోంది. అది చూసి నెదెల్క ప్రాణం కాస్త కుదుటపడింది. ఏం కావాలన్నా వండి బల్ల మీద పెట్టి తను పక్కకి తప్పుకునేది. కోడలు "థాంక్స్" అనేది, పరాయింట్లో అన్నట్టు. రాత్రిళ్లు గోడ అవతల పిల్లాడు ఏడుస్తుంటే, రలిత్స అటూ ఇటూ నడుస్తుంటే, ఇవైలో ఆవులిస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటే, నెదెల్క దీవాను మీద పడుకుని చీకట్లోకి చూసేది. లేచి వెళ్లే హక్కు పోయింది. వినే శిక్ష మాత్రం మిగిలింది.

ఇవైలో మళ్లీ రాత్రి షిఫ్టుకి మారాడు. వారం చివర్లో ఒక రాత్రి పిల్లాడు ఎవరి మాటా వినలేదు. చివరికి వంటగది తలుపు తెరుచుకుంది. రలిత్స నిలబడి ఉంది. మునుపు ఓ రాత్రి నిలబడిన గుమ్మమే. కళ్ల కింద నల్లటి చారలు.

"ఎత్తుకోండి," అంది. "పడుకోబెట్టకండి. నేనిక్కడే ఉంటాను."

నెదెల్క లేచి చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, అప్పుడు అందుకుంది. రలిత్స ఎదురుగా కుర్చీలో కూర్చుని కళ్లార్పకుండా చూసింది. నెదెల్క వాణ్ణి నిటారుగా భుజానికి ఆనించి వీపు తట్టింది. వాడు ఏడ్చాడు, వెన్ను వంచాడు, మళ్లీ ఏడ్చాడు. ఆమె తొందరపడలేదు. స్తోయ్న, మిత్రా, పొట్టి రూస్కా.

"ఎవరు వీళ్లంతా?" అంది రలిత్స.

"మిల్లులో నా వరస. నాకు పాటలు రావు మరి."

కాసేపటికి రలిత్స తల బల్ల మీదికి వాలింది. నిద్రలో ఒకసారి ఉలిక్కిపడి లేచి, చెయ్యి చాచి, పిల్లాడి ముక్కు దగ్గర ఊపిరి చూసి మళ్లీ వాలిపోయింది. పెద్దగా తేన్పు వచ్చింది. పాలు ధారగా నెదెల్క వీపు మీదికి జారాయి. వాడు నిట్టూర్చి బరువెక్కాడు. ఆమె కదలలేదు. తల్లి తనంతట తాను లేచేదాకా అలాగే కూర్చుంది. రలిత్స లేచి, కొడుకుని తీసుకుని, వెళ్లేముందు వాడి నోరు వాసన చూసింది. చూసిన సంగతి దాచుకోలేదు. నెదెల్కకీ అది సబబుగానే తోచింది.

మంచు కరిగింది. పిల్లాడు దిండుకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాక డాక్టరు అన్నట్టే కక్కడం తగ్గుతూ వచ్చింది. రలిత్స బుగ్గలు మళ్లీ నిండాయి. మెల్లగా జున్ను కూడా తిన్నది, ఏమీ కాలేదు. ఒక ఆదివారం ఇవైలో బాల్కనీలో సిగరెట్టు ముట్టించబోయి, ఆపి, "అమ్మా, చిన్నప్పుడు నేనూ ఇలాగే కక్కేవాడినా?" అని అడిగాడు.

నెదెల్క బట్టలు ఆరేస్తోంది. ఇంకో రోజైతే ఏదో ఒకటి చెప్పేసేదే.

"తెలీదు నాన్నా," అంది. "నేను అక్కడ లేను."

అతను తలాడించి, బుట్టలోంచి ఒక దుప్పటి తీసి రెండో కొస ఆమెకి అందించాడు. ఇద్దరూ కలిసి దాన్ని దులిపి తీగ మీద వేశారు.

జూలైలో, ఎండ మండిపోతున్న రోజున, ఇవైలో రలిత్సని మొదటిసారి పిల్లాడు లేకుండా బయటికి తీసుకెళ్లాడు. స్నేహితుల పెళ్లి. వాడికి అప్పటికి పళ్ల గుజ్జు, కూరల గుజ్జు, నీళ్లు అన్నీ అలవాటయ్యాయి. రలిత్స ఏం పెట్టాలో చెప్పింది, ఫ్రిజ్‌లో గిన్నెలు చూపించింది, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి మళ్లీ చెప్పింది.

పెళ్లిలో ఊరేగింపు మొదలవుతుండగా ఆమె ఫోను మోగింది.

"రలిత్సా, నేనే. ఏం లేదు, కంగారు పడకు. వాడు ఆడుకుంటున్నాడు. ఎండగా ఉంది కదా, పెదవులు తడుపుకుంటున్నాడు. రెండు చెంచాల నీళ్లు పట్టనా?"

"పట్టండి అత్తయ్యా. నీళ్లే కదా. అడగక్కర్లేదు."

"సరే తల్లీ."

బ్యాండు వాళ్లు వాయిస్తున్నారు. రలిత్స చెవి మూసుకుని నవ్వుతూ నిలబడింది. కొంచెంసేపటికి మళ్లీ ఫోను మోగింది.

"రలిత్సా, నీళ్లు తాగాడు. ఇంకా కావాలంటున్నాడు. ఇంకో చెంచా పట్టనా?"